డెబ్బై రెండో వారం

వేల్స్‌లో, ట్రెగారన్ సంత మైదానం. ఆదివారం పొద్దున
గొర్రెల దొడ్లన్నీ ఖాళీ.
వాన పడుతోందనీ చెప్పలేం, పడట్లేదనీ చెప్పలేం.
వ్యాను వెనక తలుపులు బార్లా తీసి
ఎలునెడ్ పేర్లు పిలుస్తోంది.
అట్టపెట్టెలు, పిల్లిని మోసే బుట్టలు,
ఒకావిడ దగ్గర టీవీ వచ్చిన డబ్బా.
ఒక కుర్రాడైతే ఉత్త స్వెట్టరు పట్టుకొచ్చాడు.

ఇడ్వల్ వంతు.
మూడు పెట్టలు, ఒక కాగితం, దాని మీద ఒక ప్రశ్న:
కోళ్లతో ఇంతకుముందు అనుభవం ఉందా?
పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది.
ఉంది, అని రాశాడు.
ఎన్నేళ్లు? పంతొమ్మిది.
ఎలాంటి అనుభవమో రాయడానికి గడి లేదు.

పంతొమ్మిదేళ్లు లారీ నడిపాడు.
డెబ్బై రెండు వారాలు నిండి
గుడ్లు తగ్గిన షెడ్డుకి అర్ధరాత్రి వెళ్లడం.
లోపల దీపాలార్పి, కాళ్లు దొరకబుచ్చుకుని
చేతికి నాలుగేసి తలకిందులుగా తెచ్చేవాళ్లు వేరు.
ఆయన క్యాబిన్‌లోనే.
రేడియోలో ఎవరో రగ్బీ గురించి పోట్లాడుకుంటుంటే
అద్దం దించకుండా వింటూ.
కోడి కూయకముందే సరిహద్దు దాటాలి.
ఆ లారీలో కూసేవి ఒక్కటీ ఉండవు.

కోడిగుడ్డుకి ఈకలు పీకడం అంటాం కదా
పనిలేనివాళ్ల గురించి.
ఇక్కడ గుడ్లే కోళ్ల ఈకలు పీకాయి.
మెడ చుట్టూ బోడి చర్మం.
పాలిపోయి ఒక పక్కకి వాలిన తురాయి.
కొన తెగిన ముక్కు.
బరువు, ఒక తడి తువ్వాలంత.

పెరట్లో పెట్టె మూత తీశాడు.
ఏదీ బయటికి రాలేదు.
టీ చల్లారింది. ఇంకోటి పెట్టుకున్నాడు, అదీ చల్లారింది.
అప్పుడొకటి కాలు బయట పెట్టి
గడ్డి తగలగానే వెనక్కి తీసుకుంది
పెనం తాకినట్టు.
తీగ తప్ప ఎరగని వేళ్లు.
మళ్లీ పెట్టింది. ఈసారి తీయలేదు.

పక్కింటి మబ్లి గోడెక్కి అడిగింది:
"మూడేనా?"
లారీకి ఆరువేలు, వారానికి నాలుగు లారీలు,
ఏడాదికి యాభై వారాలు...
ఎన్నడూ వేయని లెక్క నోటికి వచ్చేస్తోంది.
"మూడే" అన్నాడు.

చీకటి పడితే గూటికి చేరాలని వాటికి తెలీదు.
చీకటి ఎలా పడుతుందో చూసినవి కావు,
స్విచ్చు నొక్కితే వచ్చే చీకటే తెలుసు.
ఉన్నచోటే నిలబడిపోయాయి.
ఆయన వంగి, కాళ్లు పట్టుకోబోయి, మానేసి
కడుపు కింద అరచెయ్యి పెట్టి ఎత్తాడు.
వేడిగా ఉంది. లోపలేదో టకటకా కొట్టుకుంటోంది.
పంతొమ్మిదేళ్లలో
ఒక్క కోడినీ ముట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మబ్లి రెండింటికి పేర్లు పెట్టింది.
మూడోదానికి ఆలోచిస్తుండగానే అది పోయింది.
పన్నెండు రోజులు బతికింది.
అందులో ఎండ కాసినవి నాలుగు.

ఆ మర్నాడు పిల్ల కేకలు: "తాతా, ఇంకోటి చచ్చిపోతోంది!"
చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.
కొత్తగా నారు పోసిన ఉల్లిమడిలో
పక్కకి ఒరిగి, కాళ్లు తన్నుకుంటూ
కళ్లు మూతలు పడుతూ
ఒంటి మీదికి మట్టి ఎగజిమ్ముకుంటోంది పెట్ట.
స్నానం.
ఎవరు నేర్పారు దానికి? ఇంక్యుబేటరా?
నారంతా పోయింది.
అదిలించడానికి ఎత్తిన చెయ్యి
ఏం చెయ్యాలో తెలీక తల గోక్కుంది.

సాయంత్రం ఎలునెడ్ ఫోను.
కోళ్ల కబుర్లయ్యాక, కాస్త మొహమాటంగా:
వచ్చే నెల ఇంకో షెడ్డు ఖాళీ చేస్తున్నారు,
తీసుకోవడానికి మనుషులున్నారు, డ్రైవరే లేడు.
పెద్ద బండి నడపడం వచ్చా నీకు?
"ఎన్నింటికి వెళ్లాలి?"
"అర్ధరాత్రి. చీకట్లో అయితే బెదరవు కదా."

ఫోను చెవి దగ్గరే ఉంది.
కిటికీ అవతల ఉల్లిమడిలో
కోడి పడుకున్నంత మేర గుంట.